కొరివికారం, ఊరమిరపకాయలు: జాడీలో ఉప్పు, కంచంలో లెక్క

క్రిస్మస్, నూతన సంవత్సరం దాటాక మన బజార్లలోకి ఎర్రటి పండుమిరపకాయలు దిగుతాయి. శ్రమదినాలు వచ్చే నాటికి చాలా ఇళ్లలో ఏడాదికి సరిపడా కారం జాడీకి ఎక్కుతుంది. కృష్ణా, గుంటూరు వైపు దీన్ని కొరివికారం అంటారు. తెలంగాణలో పండుమిర్చి తొక్కు అంటారు. మిగతా చోట్ల పండుమిరపకాయ పచ్చడి అన్నా అందరికీ తెలుస్తుంది. ఆ తరువాత ఎండలు ముదిరాక మేడల మీద చల్లలో ఊరిన పచ్చిమిరపకాయలు ఎండుతూ కనిపిస్తాయి. వాటినే ఊరమిరపకాయలు, చల్లమిరపకాయలు అంటాం.

బి.పి. చూపించుకోవడానికి వచ్చిన పెద్దవారికీ మా నర్సులకూ మధ్య తరచుగా ఇలాంటి సంభాషణ జరుగుతుంది.

“పచ్చడి తింటున్నారా అమ్మా?”

“లేదు సిస్టరుగారూ, డాక్టరుగారు చెప్పిన రోజే మానేశాను.”

“మరి మజ్జిగన్నంలోకి ఏం నంజుకుంటారు?”

“ఏముందండీ, నాలుగు ఊరమిరపకాయలు వేయించుకుంటాను. అది పచ్చడి కాదు కదా!”

ఆ నాలుగు కాయల్లో ఎంత ఉప్పు ఉంటుందో ఈ వ్యాసంలో లెక్క కట్టి చూద్దాం. పచ్చడి పూర్తిగా మానెయ్యమంటే కొందరు నాలుగు రోజులు మాని, అయిదో రోజు ఎవరికీ చెప్పకుండా జాడీ మూత తీస్తారు. అందుకని వంటలో దాన్ని ఎలా వాడుకుంటే ఒంటికి చెరుపు తగ్గుతుందో తెలుసుకోవడం మేలు.

మిరపకాయలో కారం ఎక్కడ ఉంటుంది?

మిరప మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా మన తీరానికి చేరింది. అంతకు ముందు మన వంటలో ఘాటంటే ప్రధానంగా మిరియాలదే. ఈ రోజు గుంటూరు మిర్చి యార్డు పేరు తెలియనివారు లేరు. వరంగల్ ప్రాంతంలో పండే చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిరప అని కూడా పిలిచే ఈ కాయకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. కారం తట్టుకోలేనివారు ఉన్న ఇంట్లో పచ్చడికి ఇలాంటి కాయలు కొంత కలుపుకుంటే బాగుంటుంది.

కారానికి కారణమైన పదార్థం పేరు క్యాప్సైసిన్. అది గింజలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి పొరలో ఎక్కువ ఉంటుంది. నాలుక మీద వేడిని గుర్తించే నరాలనే ఇది తట్టి లేపుతుంది. అందుకే నాలుక నిజంగా కాలకపోయినా కాలినట్టు అనిపిస్తుంది. ఈ సంగతిని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌గారికి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. కాబట్టి చెంబెడు నీళ్లు తాగినా మంట పోదు. పాలు, పెరుగు దాన్ని నాలుక మీద నుంచి తీసివేస్తాయి. కారం అన్నం తరువాత పెరుగన్నం తినే మన అలవాటుకు ఇది మంచి కారణమే.

తాజా పండుమిరపకాయల్లో సి విటమిను, అదే తూకం నారింజలో కంటే ఎక్కువ ఉంటుంది. అయితే మనం తినేది చెంచాడు, అది కూడా నెలల తరబడి నిలవ ఉన్నది. విటమిను కోసం పచ్చడి తినాలనుకోవద్దు. దాని బదులు ఒక జామకాయ తినండి.

పచ్చడి ఎందుకు చెడిపోదు?

పచ్చి మిరపకాయల ముద్దను ఊరికే వదిలేస్తే రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. దానిని ఏడాది పాటు కాపాడేవి మూడు: ఉప్పు, పులుపు, తడి లేకపోవడం. ఉప్పు ముద్దలోని నీటిని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు అందనివ్వదు. చింతపండు పులుపు వాటిని ఎదగనివ్వదు. బొట్యులిజం అనే ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి కూడా తగినంత పులుపు ఉన్నచోట పెరగలేదు. పైన తేలే నూనె గాలినీ తడినీ అడ్డుకుంటుంది. కానీ ఉప్పు, పులుపు చాలని పచ్చడిని నూనె ఒక్కటే కాపాడలేదు.

అందువల్ల “మాకు బి.పి. ఉంది కాబట్టి ఈ ఏడు ఉప్పు సగం వేసి పెట్టాం” అనేవారికి నా మనవి ఒకటే. ఏడాది నిలవ ఉంచే జాడీలో ఉప్పు తగ్గించకండి. పచ్చడి పాడవుతుంది, తిన్నవారి కడుపు పాడవుతుంది. తగ్గించవలసింది కంచంలో వేసుకునే పచ్చడిని. ఉప్పు తక్కువ వేసే తీరాలనుకుంటే వారానికి సరిపడా కొంచెమే చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోగా ముగించండి.

కొరివికారం పెట్టే విధం

కావలసినవి: తొడిమలు తీసిన పండుమిరపకాయలు ఒక కిలో, గింజలు, పీచు తీసిన చింతపండు పావుకిలో, కల్లుప్పు 200 గ్రాములు, పసుపు ఒక చిన్న చెంచా.

1. గట్టిగా, నిగనిగలాడే కాయలు ఎంచండి. మెత్తబడినవి, మచ్చ ఉన్నవి ఏరి పారేయండి.

2. తొడిమలతోనే కడగండి. తొడిమ తీసి కడిగితే నీళ్లు కాయలోపలికి పోతాయి. పొడిగుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోయాక తొడిమలు తీయండి.

3. ఉప్పు, పసుపు కలిపి రోట్లోగాని మిక్సీలోగాని కచ్చాపచ్చాగా తొక్కండి. జాడీలో సగం ముద్ద వేసి, మధ్యలో చింతపండు పెట్టి, మిగతా ముద్దతో కప్పి వాసెన కట్టండి.

4. మూడో రోజున తీసి, నానిన చింతపండుతో కలిపి మళ్లీ రుబ్బి జాడీకెత్తండి. మెంతిపిండి, వెల్లుల్లి, తిరగమోత అంతటికీ ఒకేసారి కలపనక్కరలేదు. ఏ వారానికి కావలసింది ఆ వారం తీసి పోపు పెట్టుకుంటే రుచి, వాసన తాజాగా ఉంటాయి.

జాడీగాని గాజు సీసాగాని వాడండి. అల్యూమినియం గిన్నెలు, ఇత్తడి పాత్రలు వద్దు. ఉప్పు, పులుపు కలిసి ఆ లోహాన్ని తింటాయి, అది పచ్చడిలో కలుస్తుంది. రంగులు, మందులు పోసిన పాత ప్లాస్టిక్ డబ్బాలు ఎంత కడిగినా వాడకూడదు. తడి గరిటె పెట్టకండి. బూజు కనిపిస్తే పైది తీసేసి అడుగుది వాడుకోవడం మంచిది కాదు, మొత్తం పారేయండి. కంటికి కనిపించే బూజు కంటే దాని వేర్లు లోతుగా దిగి ఉంటాయి.

ఊరమిరపకాయల సంగతి

కిలో పచ్చిమిరపకాయలకు గాటు పెట్టి, పుల్లటి చల్లలో 100 గ్రాముల ఉప్పు, కొంచెం వాము కలిపి నానబెడతాం. పగలు ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ అదే చల్లలో వేస్తాం. చల్ల మొత్తం పీల్చుకునే వరకు ఇలా మూడు నాలుగు రోజులు చేసి, తరువాత గలగలలాడేలా ఎండబెడతాం.

వీటిని కాపాడేది ఉప్పుతో పాటు ఎండ. సరిగా ఎండకపోతే లోపల బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది కాలేయానికి హాని చేస్తుంది, నూనెలో వేయించినా పోదు. కాబట్టి నేల మీద కాకుండా శుభ్రమైన గుడ్డ మీదనో చాప మీదనో ఎండబెట్టండి. మబ్బు పడితే ఇంట్లో ఫ్యాను కింద పరచండి. లోపల నల్లగా, ముక్క వాసన వచ్చే కాయలను వేయించకండి.

ఇప్పుడు ఉప్పు లెక్క చూద్దాం

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అన్నీ కలిపి ఒక చిన్న టీ చెంచాకు కాస్త తక్కువ.

కొరివికారం: పైన చెప్పిన కొలతలతో మొత్తం ముద్ద సుమారు 1450 గ్రాములు వస్తుంది. అందులో ఉప్పు 200 గ్రాములు. అంటే 100 గ్రాముల పచ్చడిలో దాదాపు 14 గ్రాములు. అన్నంలో కలుపుకోవడానికి వేసుకునే పెద్ద చెంచాడు పచ్చడి సుమారు 20 గ్రాములు తూగుతుంది. అందులో 2.8 గ్రాముల ఉప్పు ఉంటుంది. రెండు పూటలా వేసుకుంటే 5.6 గ్రాములు. కూర, పప్పు, చారు ముట్టకముందే ఆ రోజు కోటా దాటిపోయింది.

ఊరమిరపకాయలు: పచ్చిమిరపకాయలో ఎక్కువ భాగం నీరే. కిలో కాయలు ఎండాక, పీల్చుకున్న చల్లతోనూ ఉప్పుతోనూ కలిపి 300 గ్రాములకు అటూ ఇటూ మిగులుతాయి. అందులో 100 గ్రాములు ఉప్పు, అంటే మూడో వంతు! కిలోకు 200 కాయలు తూగితే కాయకు అర గ్రాము ఉప్పు. ఆ అమ్మగారు నంజుకున్న నాలుగు కాయల్లో రెండు గ్రాములు.

ఉప్పు ఎక్కువైతే శరీరం నీటిని పట్టి ఉంచుకుంటుంది, బి.పి. పెరుగుతుంది. బి.పి. ఏళ్ల తరబడి పైకే ఉంటే పక్షవాతం, గుండె బలహీనపడటం, కిడ్నీలు దెబ్బతినడం జరుగుతాయి. అప్పటిదాకా నొప్పి, బాధ ఏమీ తెలియకపోవచ్చు. మాత్ర వేసుకుంటున్నాం కదా అని కంచం సంగతి వదిలేయడం ఎంత పొరపాటో, పచ్చడి తగ్గించాం కదా అని మాత్ర మానేయడం అంత పొరపాటు. రెండూ కలిసి నడవాలి.

వంటలో వాడుకునే పద్ధతి

కొరివికారంలో ఉప్పు, కారం, పులుపు మూడూ ఉన్నాయి. దాన్ని కూర పక్కన అదనంగా వేసుకునే బదులు, కూరలోకి అదే ఉప్పుగా, అదే కారంగా వాడండి. అప్పుడు రుచి దక్కుతుంది, ఉప్పు తగ్గుతుంది.

ఉదాహరణకు, నలుగురికి అరకిలో వంకాయ కూరలో మామూలుగా 8 గ్రాముల ఉప్పు వేశారనుకుందాం. మనిషికి 2 గ్రాములు. పక్కన పెద్ద చెంచా పచ్చడి వేసుకుంటే మరో 2.8, మొత్తం 4.8 గ్రాములు. అదే కూరలో విడిగా ఉప్పు వేయకుండా రెండు పెద్ద చెంచాల కొరివికారం వేస్తే మొత్తం 5.6 గ్రాములు, మనిషికి 1.4 మాత్రమే. పక్కన మళ్లీ పచ్చడి పెట్టకూడదు, అదొక్కటే షరతు.

వంకాయ, కాకరకాయ, దొండకాయ వేపుళ్లు: ముందు కూర మగ్గనివ్వండి. పులుపు ముందే పడితే ముక్క త్వరగా మెత్తబడదు. దించడానికి అయిదు నిమిషాల ముందు కొరివికారం వేసి, సన్నని సెగ మీద కలపండి. సెగ ఎక్కువైతే మాడి ఘాటు లేస్తుంది, ఇంట్లో ఉబ్బసం ఉన్నవారికి దగ్గు వస్తుంది.

ముద్దపప్పు: నలుగురికి ఉడికించిన కందిపప్పులో ఒక్క పెద్ద చెంచాడు చాలు. పోపులో వెల్లుల్లితో పాటు ఒక్కసారి తిప్పి, ఉడికిన పప్పులో కలపండి. పప్పు కూడా ముందే ఉడకాలి, పులుపు తగిలితే బద్ద నిలిచిపోతుంది.

చేపల పులుసు: అరకిలో చేపకు రెండు పెద్ద చెంచాలు. మామూలుగా పిండే చింతపండులో సగం చాలు. ఉప్పు మొదట వేయకండి. దించే ముందు రుచి చూసి, అవసరమైతేనే చిటికెడు వేయండి.

కోడిగుడ్ల కూర: ఉల్లిపాయలు, టమాటా బాగా మగ్గించి, ఒక పెద్ద చెంచాడు కలిపి, ఉడికించిన గుడ్లకు గాట్లు పెట్టి వేయండి.

రోటి పచ్చడి: ఇది అన్నిటికంటే మేలైన పద్ధతి. నాలుగు పాళ్లు దోసకాయ, మగ్గిన బీరకాయ, పచ్చికొబ్బరి వంటివి, ఒక పాలు కొరివికారం కలిపి తొక్కండి. చెంచా అదే, కానీ అందులోని ఉప్పు అయిదో వంతుకు దిగింది. ఇది మాత్రం ఏ రోజుకారోజు చేసుకోవాలి.

పెరుగు పచ్చడి: ఒక గిన్నె పెరుగులో కీరాగాని ఉల్లిపాయగాని తరిగి, తలకొట్టిన చిన్న చెంచాడు కొరివికారం కలపండి. పెరుగు ఘాటును తగ్గిస్తుంది.

ఊరమిరపకాయలు: మనిషికి నాలుగు వేయించే బదులు, నలుగురి పెరుగన్నానికి రెండు కాయలు వేయించి, నలిపి పోపులో కలపండి. ముద్దముద్దకూ వాసన తగులుతుంది. మజ్జిగపులుసులోనూ ఉప్మాలోనూ ఇలాగే వాడవచ్చు. అప్పుడు వాటిలో వేసే ఉప్పు తగ్గించండి.

ప్రేమవిందుల్లో, పెళ్లి భోజనాల్లో వడ్డించే అన్నలకు, అక్కలకు ఒక మాట. పచ్చడి మనిషి అడిగాక వెయ్యండి. విస్తరిలో పడ్డది పారేయడం ఇష్టంలేక తినేసే పెద్దవారు చాలామంది ఉంటారు.

ఎవరు ఇంకా జాగ్రత్తగా ఉండాలి?

గుండె బలహీనత, కాళ్ల వాపులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు: పైన చెప్పిన లెక్కలు మీకు సరిపోవు. మీ ఉప్పు ఎంతో మీ డాక్టరుగారు చెప్పిందే పాటించండి. వార్డులో ఉన్న రోగికి “నోరు చేదుగా ఉందంటున్నాడు” అని ఇంటి నుంచి పచ్చడి సీసా తెచ్చినప్పుడు, పెట్టేముందు నర్సును అడగండి. నిమ్మరసం, కొత్తిమీర, వేయించిన జీలకర్రతో నోటికి రుచి తెప్పించవచ్చు.

తక్కువ సోడియం ఉప్పు వాడేవారు: ఈ ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారికి పొటాషియం పెరిగితే గుండెకు ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనకండి, పచ్చడిలోనూ వేయకండి.

షుగరు ఉన్నవారు: పచ్చడిలో చక్కెర పెద్దగా లేకపోయినా, అది మరో నాలుగు ముద్దల అన్నం తినిపిస్తుంది. అన్నం కొలత ముందే పెట్టుకోండి.

కడుపులో పుండ్లు, మంట ఉన్నవారు: కడుపు పుండుకు మిరపకాయే కారణమని పూర్వం అనుకునేవారు. ఎక్కువ పుండ్లకు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, లేదా విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు. ఆ బాక్టీరియాను కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌గార్లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. కారం మానినంత మాత్రాన పుండు మానదు, వైద్యం చేయించుకోవాలి. అయితే ఉన్న మంటను కారం ఎక్కువ చేస్తుంది కనుక తగ్గేవరకు మానండి. మలద్వారం దగ్గర చీలిక, మొలల బాధ ఉన్నవారు కూడా అంతే.

గుట్కా, వక్కపొడి, పొగాకు నమిలేవారు: ఇది దయచేసి శ్రద్ధగా చదవండి. నిన్నటిదాకా ఇష్టంగా తిన్న కారం ఈ మధ్య నోట్లో పెట్టగానే భరించలేని మంట పుడుతోందా? నోరు మునుపటిలా పెద్దగా తెరుచుకోవడం లేదా? బుగ్గ లోపల తెల్లబడి, గట్టిగా తాడులా తగులుతోందా? ఇవి నోటి పొరలు బిగుసుకుపోయే జబ్బు లక్షణాలు కావచ్చు. అది కొందరిలో నోటి క్యాన్సరుకు దారితీస్తుంది. “నాకు కారం పడటం లేదు” అని చప్పిడి కూడుతో సరిపెట్టుకోకండి. నమలడం ఆ రోజే మానండి, వెంటనే దంత వైద్యునికి చూపించండి. మానని పుండు రెండు వారాలు దాటితే ఇక ఆలస్యం చేయవద్దు.

చేతులు మండితే, కంట్లో పడితే

కాయలు తొక్కేముందు చేతులకు నూనె రాసుకోండి, లేదా చేతి తొడుగులు వేసుకోండి. పని అయ్యాక మళ్లీ కాస్త నూనె రుద్ది, సబ్బుతో రెండుసార్లు కడగండి. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది కాబట్టి ముందు నూనె, తరువాత సబ్బు. ఆ చేతులతో చంటిబిడ్డకు స్నానం చేయించడం, కళ్లు నులుముకోవడం చేయకండి.

కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో 15 నిమిషాలు కడగండి. పాలు, చనుబాలు, నూనె, ఆకు పసర్లు కంట్లో వేయకండి. కడిగిన తరువాత కూడా మంట, ఎరుపు, చూపు మసక ఉంటే ఆసుపత్రికి రండి.

ఇంట్లో గోడకు అంటించుకోవడానికి

1. ఏడాది నిలవ జాడీలో ఉప్పు తగ్గించవద్దు, కంచంలో పచ్చడి తగ్గించాలి.

2. పచ్చడి వేసిన కూరలో వేరే ఉప్పు వద్దు, ఆ కూర పక్కన వేరే పచ్చడి వద్దు.

3. ఊరమిరపకాయ కూడా పచ్చడే. ఒక్కో కాయకు అర గ్రాము ఉప్పు.

4. బూజు పడితే మొత్తం పారేయాలి.

5. ఉన్నట్టుండి నోరు కారం తట్టుకోలేకపోతే నోరు చూపించుకోవాలి.

6. 30 ఏళ్లు దాటినవారందరూ ఏడాదికి ఒక్కసారైనా బి.పి. చూపించుకోవాలి. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు, మీ ఇంట్లో వారానికి ఎంత పచ్చడి ఖర్చవుతుందో కొలుచుకుని వచ్చి మా నర్సుకు చెప్పండి. మీతో కూర్చుని లెక్క కట్టి చూపిస్తాం.